చేతులు నేర్పే చదువు

దిల్‌సుఖ్‌నగర్‌లో శిక్షణ కేంద్రాలకు కొదవ లేదు. అక్కడ సూత్రాలను వల్లెవేసే విద్యార్థికి స్వహస్తాలతో ఒక వస్తువును నిర్మించే అవకాశం మాత్రం అరుదు. నమూనా విమానాల నిర్మాణం ఈ లోటును తీర్చగలదు.

సముద్రంలో ఆపదకు గురైనవారిని రక్షించేందుకు ఫ్రాన్సు నౌకాదళం వినియోగించిన ‘నోర్వా’ విమానమే ఇందుకు ఉదాహరణ. 1949లో తొలిసారి ఎగిరిన ఈ విమానం నీటిపై దిగగలిగేది. 72 సెంటీమీటర్లను ఒక సెంటీమీటరుకు కుదించి దాని నమూనాను చేసే విద్యార్థి, రెక్కలు మొదలువద్ద పైకి లేచి ఉండటాన్ని గమనిస్తాడు. ఇంజన్లు ఎత్తున ఉంటేనే ప్రొపెల్లర్లకు నీటి తుంపర తగలదని గ్రహిస్తాడు. చేతులతో తెలుసుకొన్న కారణం చిరకాలం నిలుస్తుంది.

కనుక కళాశాలలు వారానికి ఒక గంటైనా ఇందుకు కేటాయించాలి. దీనివల్ల మార్కులు పెరగకపోవచ్చు; ‘ఎందుకు?’ అని ప్రశ్నించే బుద్ధి తప్పక పెరుగుతుంది.