ఏరాల్సింది పేలను, పిల్లల్ని కాదు



ఈ పోస్టు కాస్త పొడుగ్గా ఉంటుంది. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. ఆదివారం కార్యవర్గం ముందుకు రాబోతున్న ప్రతిపాదన గురించి మేము, అంటే మన తెలుగు బడికీ నాట్యం క్లాసుకూ పిల్లల్ని పంపే కొందరు తల్లిదండ్రులం, కూర్చుని మాట్లాడుకుని రాస్తున్నది ఇది.

ప్రతిపాదన ఏమిటో అందరూ గ్రూపులో చూశారు. ఒకటి: ఎవరి తలలోనైనా పేను గానీ ఈరు గానీ కనిపిస్తే, పూర్తిగా పోయాయని తేలేవరకు ఆ పిల్లలు వేసవి శిబిరానికి రాకూడదు. రెండు: రోజూ గుమ్మం దగ్గరే పిల్లల్ని వరసలో నిలబెట్టి తలలు చూడాలి. మూడు: మన ఇళ్ళలో పనిచేసేవాళ్ళ పిల్లలకు ఈ ఏడాది శిబిరంలో ప్రవేశం వద్దు, ఎందుకంటే "అక్కడి నుంచే వస్తున్నాయి". ఈ మూడింటినీ మేము వ్యతిరేకిస్తున్నాం. మూడోదాన్ని మరీ గట్టిగా.

పేలుంటే ఏం పోయిందిలే అని మేము అనడం లేదు. రాత్రంతా పిల్ల తల గోక్కుంటూ దొర్లుతుంటే, గోకినచోట పుండుపడి చీము పడితే, ఆ బాధేమిటో మాకూ తెలుసు. పేలు పోవాలి. అవి పోవాలంటే ముందు పేను సంగతి తెలియాలి. ఈ ప్రతిపాదనలో పిల్లల మీద అనుమానం కనిపిస్తోంది గానీ, పేను గురించి తెలిసిన జాడ కనిపించడం లేదు.

పేను ఎగరదు, గెంతదు. పాకుతుంది, అంతే. ఒక తలకు ఇంకో తల ఆనినప్పుడు ఇటు నుంచి అటు పాకుతుంది. ఒకే ఫోన్ మీద ముగ్గురు తలలు ఆనించి వీడియో చూస్తారే, అప్పుడు. అక్కచెల్లెళ్ళు ఒకే దిండు మీద పడుకుంటారే, అప్పుడు. తల వదిలి కిందపడితే ఒకటి రెండు రోజులకు మించి బతకదు. మురికి జుట్టు, శుభ్రమైన జుట్టు అనే తేడా దానికి లేదు, దానికి కావలసింది రక్తం. కాబట్టి "బోరు నీళ్ళ వల్లే పేలు, కావేరి నీళ్ళు వస్తే పోతాయి" అనే మాట కూడా ఇక వదిలేద్దాం. ట్యాంకరు నీళ్ళకు జుట్టు బిరుసెక్కిందంటే నమ్ముతాం. పేలు మాత్రం నీళ్ళలోంచి పుట్టవు. తలలో పేలు రోగాలు మోసుకొస్తాయన్న రుజువు కూడా లేదు. టైఫస్‌ను మోసేది ఒంటి మీద, బట్టల్లో ఉండే వేరే పేను.

ఇప్పుడు మొదటి నిబంధనకు వద్దాం. మొదటిసారి పేలు పట్టిన పిల్లకు దురద మొదలవడానికే నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. అంటే గోక్కుంటోందని మీరు గమనించేసరికే ఆ పిల్ల నెలరోజులుగా మీ పిల్లల పక్కనే కూర్చుని ఉంటుంది. ఇవాళ ఇంటికి పంపేస్తే ఆగేదేముంది? సాయంత్రం ఇంటికి తీసుకెళ్ళమని ఆ తల్లికి విడిగా, నెమ్మదిగా చెబితే సరిపోయేదానికి, పోయిన నెల రిహార్సల్లో ఒక పాపను అందరి ముందూ బయట కూర్చోబెట్టారు. పేలు ఆ పాప ఒక్కదానికే లేవు. కానీ ఆ రోజు నుంచి ఆ పాప క్లాసుకు రావడం మానేసింది. మిగతా తల్లులు నేర్చుకున్నదేమిటో తెలుసా? పేలు కనిపిస్తే నోరు విప్పకూడదని. పేలకు అంతకంటే మేలు చేసే పని ఇంకోటి లేదు.

ఇక ఈరు సంగతి. ఈరు వేరు, బతికున్న పేను వేరు. పేను తన గుడ్డును తల చర్మానికి చాలా దగ్గరగా, వెంట్రుకకు జిగురు పెట్టి అతికిస్తుంది. 7 నుంచి 10 రోజుల్లో అది పొదుగుతుంది. పిల్ల వెళ్ళిపోయినా ఖాళీ పెంకు వెంట్రుకకే అంటుకుని ఉంటుంది. జుట్టు నెలకు సుమారు సెంటీమీటరు పెరుగుతుంది, పెంకూ దాంతోపాటే కిందికి జరుగుతుంది. అందుకే చర్మానికి సెంటీమీటరు కంటే దూరంలో కనిపించే ఈరు చాలావరకు పాత పెంకే. వైద్యం పూర్తయిన పిల్ల తలలో కూడా అవి నెలల తరబడి కనిపించవచ్చు. ఈరు ఉంటే రావద్దనడమంటే, జ్వరం తగ్గిన పిల్లను మందు సీసా ఇంకా ఇంట్లో ఉందని గుమ్మం దగ్గరే ఆపేసినట్టు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, పిల్లల డాక్టర్ల సంఘం, పేల కారణంగా ఏ పిల్లనూ బడి మాన్పించవద్దని, ఈరు లేకపోతేనే రానిచ్చే పద్ధతిని బడులు వదిలేయాలని ఏళ్ళుగా చెబుతోంది. వాళ్ళు వదిలేయమంటున్నదాన్ని మనం కొత్తగా నెత్తికెత్తుకుంటున్నాం.

రెండో నిబంధన: గుమ్మం దగ్గర తనిఖీ. వెలుతురు పడితే పేను దూరంగా పాకిపోతుంది. పొడి జుట్టును వేళ్ళతో విడదీసి చూసేవాళ్ళకు అది దొరకదు, ఈరు దొరుకుతుంది. జర్మనీ బడుల్లో చేసి 2009లో ప్రచురించిన ఒక అధ్యయనం ఈ రెండు పద్ధతులనూ పోల్చింది. బతికున్న పేలున్న పిల్లల్లో తడి జుట్టు దువ్వినప్పుడు పదిమందిలో తొమ్మిదిమంది దొరికారు. ఊరికే కళ్ళతో చూసినప్పుడు ముగ్గురిలో ఒక్కరు కూడా దొరకలేదు. కళ్ళతో చూడటం ఒక్క విషయంలో మాత్రం మెరుగు: పాత ఈరును పట్టడంలో. అంటే గుమ్మం తనిఖీలో పేలున్న పిల్ల లోపలికి వెళ్తుంది, పేలు పోయిన పిల్ల బయట నిలబడుతుంది. ఇంత తలకిందులు నిబంధన వెతికినా దొరకదు.

సరైన తనిఖీకి పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. మన అమ్మమ్మలు ఈర్పెన అనీ, ఈరుబాన అనీ పిలిచిన దువ్వెన చాలు. ఇప్పుడు మెడికల్ షాపుల్లో స్టీలు పళ్ళతో దొరుకుతోంది. పళ్ళ మధ్య సందు మిల్లీమీటరులో మూడోవంతు కూడా ఉండకూడదు. తల తడిపి, కండిషనర్ బాగా పట్టించి, మామూలు దువ్వెనతో ముందు చిక్కు తీయండి. జుట్టును పాయలు చేసి, చర్మానికి ఆనించి మొదలుపెట్టి చివరిదాకా సన్న దువ్వెన లాగండి. లాగిన ప్రతిసారీ తెల్ల టిష్యూ మీద తుడిచి చూడండి. చెవుల వెనక, మెడ మీద వదలకండి. పొడవు జుట్టుకు అరగంట పడుతుంది. కదిలే పేను ఒక్కటి దొరికినా వైద్యం మొదలుపెట్టాలి. ఒక్కటీ దొరకకపోతే మందు వద్దు. "ఎందుకైనా మంచిది" అని అందరికీ రాయడం మానండి.

మందు దగ్గరకొస్తే, గ్రూపులో రోజుకో చిట్కా తిరుగుతోంది. కొన్ని ప్రమాదకరం, అందుకే పేరుపెట్టి చెబుతున్నాం. కిరసనాయిలు వద్దు. చర్మం కాలుతుంది, పక్కన దీపం ఉంటే మనిషే కాలుతుంది. సీతాఫలం గింజల పొడి "మన పాత పద్ధతి" అని ఎవరో పెట్టారు. ఆ పొడి కంట్లో పడితే నల్లగుడ్డు పైపొర దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే వైద్య పత్రికల్లోకి ఎక్కాయి. కలరా ఉండలు పొడిచేసి రాయడం, దోమల మందు కొట్టడం విషప్రయోగమే. కర్పూరం కలిపిన నూనె పిల్లల నోట్లోకి పోతే మూర్ఛ రావచ్చు. పాతది అయినంత మాత్రాన మంచిది కాదు, ఆకుపచ్చ లేబులు ఉన్నంత మాత్రాన సురక్షితమూ కాదు.

మరి ఏది? రెండు దారులున్నాయి. మొదటిది మందు లేకుండా దువ్వడం. ఇవాళ మొదటి రోజు అనుకుంటే 1, 5, 9, 13 రోజుల్లో పైన చెప్పినట్టే తడి జుట్టు దువ్వాలి, 17వ రోజున ఒకసారి చూసుకోవాలి. కొత్తగా పొదిగిన పిల్లలు పెద్దవై గుడ్లు పెట్టేలోపే వాటిని ఏరేయడం ఇందులో కిటుకు. ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ. ఒక్క రోజు తప్పితే మళ్ళీ మొదటికే.

రెండోది మందు. 1 శాతం పెర్మెత్రిన్ లోషన్ ఎక్కువమంది డాక్టర్లు మొదట చెప్పేది. రెండు నెలలు దాటిన పిల్లలకు వాడవచ్చు. పెర్మెత్రిన్ 5 శాతం క్రీము గజ్జికి ఇచ్చేది, షాపులో తొందరపడి అది తెచ్చుకోకండి. కండిషనర్ లేకుండా తలస్నానం చేయించి, తువ్వాలుతో తుడిచి, లోషన్ పట్టించి, 10 నిమిషాలు ఉంచి కడగాలి. ఇది గుడ్లన్నింటినీ చంపదు. అందుకే తొమ్మిదో రోజున మళ్ళీ రాయాలి. మన ఇళ్ళలో మందు "పనిచేయలేదు" అనడానికి ఎక్కువగా ఈ రెండోసారి మానేయడమే కారణం. రెండుసార్లు సరిగ్గా రాసినా కదిలే పేలుంటే అదే మందు మూడోసారి, నాలుగోసారి రాయకండి. ఈ మందుకు లొంగని పేలు చాలా దేశాల్లో ఉన్నాయి. అప్పుడు డాక్టరును అడిగి డైమెథికోన్ లాంటిదానికి మారండి. అది నరాల మీద పనిచేసే విషం కాదు, పేనును కప్పేసి చంపే సిలికోన్ నూనె. ఐవర్‌మెక్టిన్ మాత్రలు డాక్టరు రాస్తేనే. 15 కిలోల లోపు పిల్లలకూ గర్భిణులకూ అవి వద్దు. పాత సీసాల్లో గామా బెంజీన్ హెక్సాక్లోరైడ్, అంటే లిండేన్, అని కనిపిస్తే పారేయండి. నరాలకు చేసే హాని చూసి కాలిఫోర్నియా దాన్ని 2002లోనే నిషేధించింది. ఫ్లాట్ అంతా పెస్ట్ కంట్రోల్ చేయించనక్కర్లేదు. గత రెండు రోజుల్లో వాడిన దిండు గలీబులు, తువ్వాళ్ళు వేడినీళ్ళలో ఉతికితే చాలు.

ఇక మూడో నిబంధన. "అక్కడి నుంచే వస్తున్నాయి" అని రాసినవాళ్ళను ఒకటే అడుగుతున్నాం: చూశారా? దువ్వారా? లేక సర్వీస్ లిఫ్టులో వచ్చేవాళ్ళ మీద ఏ నింద వేసినా ఎవరూ ఎదురుచెప్పరన్న ధైర్యమా? మన పిల్లలు రోజంతా తలలు ఆనించి కూర్చునేది బడి బస్సులో, ట్యూషన్‌లో, బర్త్‌డే పార్టీల్లో. మన ఆడపిల్లలకు పొద్దున్నే జడలు వేసే అక్క, సాయంత్రం తన ఇంటికి వెళ్ళి తన పిల్ల తలలో పేను చూసిందంటే, అది ఎటు నుంచి ఎటు వెళ్ళిందో తేల్చగలరా? తేల్చలేరు. అయినా శిక్ష మాత్రం ఒకవైపే పడింది.

ఇజ్రాయెల్‌లోని లాఖీష్ తవ్వకాల్లో దొరికిన దువ్వెన ఒకటుంది, సుమారు 3,700 ఏళ్ళ నాటిది. జుట్టులో, గడ్డంలో పేలు పోవాలన్న కోరిక దాని మీద చెక్కి ఉందని 2022లో చదివి తేల్చారు. పళ్ళ మధ్య పేల అవశేషాలు కూడా దొరికాయి. ఆ దువ్వెన ఏనుగు దంతంతో చేసింది. అక్కడ దంతం దిగుమతి సరుకు, ఉన్నవాళ్ళ ఇంటి వస్తువు. అంటే కలిగినవాళ్ళ తలల్లోనూ పేలుండేవి, కలిగినవాళ్ళ గడ్డాల్లోనూ ఉండేవి. మన పేను కన్నడంలో హేను, తమిళంలో పేన్. మన ఈరు కన్నడంలో సీరు. ఎవరి నుంచో మనకు అంటుకున్నవి కావు, మాటతో సహా ఉమ్మడి ఆస్తి.

"అయితే ఏమీ చేయకుండా కూర్చోవాలా? మేం తీసి శుభ్రం చేస్తాం, పక్కవాళ్ళు చేయరు, మళ్ళీ మా పిల్లకు వస్తాయి" అంటారు. ఈ మాట నిజం, దీనికి జవాబు చెప్పాల్సిందే. ఒక ఇల్లు తీస్తే చాలదు, అందరూ ఒకే రోజు తీయాలి. బ్రిటన్‌లో బడులు 'బగ్ బస్టింగ్' పేరుతో చేసింది ఇదే: ఒకే రోజున ఇంటింటా దువ్వడం. వెలివేస్తే దాస్తారు. ఒక రోజు పెట్టి, చేతికి దువ్వెనిస్తే దువ్వుతారు.

అందుకే ఆ మూడింటి బదులు మా ప్రతిపాదనలు ఇవి:

శిబిరానికి ముందు వచ్చే ఒక ఆదివారాన్ని దువ్వెన రోజుగా ప్రకటిద్దాం. ఆ రోజు మన ఇళ్ళన్నిటిలో, మన ఇళ్ళలో పనిచేసేవాళ్ళ ఇళ్ళలో కూడా, పిల్లలకూ పెద్దలకూ తడి జుట్టు దువ్వుతారు. మగపిల్లలకూ, నాన్నలకూ మినహాయింపు లేదు.

సంఘం నిధితో స్టీలు దువ్వెనలు కొని అడిగినవాళ్ళకు ఇద్దాం. పేర్లు రాసుకోవద్దు.

శిబిరంలో ఎవరి తలలోనైనా పేను కనిపిస్తే ఆ రోజు పిల్లను పంపించవద్దు. సాయంత్రం తల్లికో తండ్రికో విడిగా చెప్పి, ఎలా దువ్వాలో ఒక కాగితం ఇద్దాం, తెలుగులోనూ కన్నడంలోనూ. మర్నాడు పిల్ల మామూలుగా వస్తుంది.

శిబిరం తలుపు పిల్లలందరికీ తెరిచే ఉండాలి. ఎవరి పిల్లలన్నది అడగొద్దు.

పేనుకు పెత్తనమిస్తే తలంతా కొరికిందని సామెత. ఇప్పుడు మనం పెత్తనమిస్తున్నది పేల భయానికి. అది మొదట కొరికేది చిన్నపిల్లల్నే, అందులోనూ ఆడపిల్లల్నే. పేల పేరు చెప్పి ఇష్టం లేకుండా గుండు గీయించుకున్న అమ్మాయిలు మన మధ్యే పెరిగి పెద్దవాళ్ళయ్యారు. మొక్కుకుని తిరుపతిలో తలనీలాలు ఇవ్వడం వేరు, సిగ్గుపడి ఇంట్లో గీయించడం వేరు.

ఆదివారం ఓటుకు పెట్టినప్పుడు ఇవన్నీ దృష్టిలో పెట్టుకోమని కోరుతున్నాం. దువ్వెన రోజున ఇంటింటికీ వెళ్ళి చూపించడానికి మాలో ఆరుగురం సిద్ధంగా ఉన్నాం. ఇంకొందరు కావాలి. వస్తామనేవాళ్ళు కింద రాయండి.