ఆ రోజులూ లెక్కలోకి రావాలి

సంపాదకులకు,

గుండె చికిత్సకు బ్రిటన్‌లో నెలల తరబడి ఆగాలి, మనకా బాధ లేదన్న మీ వ్యాసంతో ఏకీభవించలేను. ఇంగ్లండ్‌లో డాక్టరు సిఫారసు అందినప్పటి నుంచి 18 వారాల గడువు లెక్కిస్తారు. మా భవాని పేట్‌లో ఎదురుచూపు ఏ రిజిస్టరుకూ ఎక్కదు. మరమగ్గం ఆగితే కూలి రాదు. అందుకే ఛాతీలో నొప్పి వస్తే కార్మికులు గ్యాసనుకుని, సోడా తాగి, మళ్లీ మగ్గం ముందు నిలబడతారు. 2012లో తొలి విడతలోనే షోలాపూర్‌కు వచ్చిన ప్రభుత్వ ఆరోగ్య పథకం, ఇప్పటి మహాత్మా ఫూలే యోజన, పేదలకు పెద్ద అండ. కాదనను. అయితే అత్యవసరం కాని స్టెంటుకు ముందే అనుమతి రావాలి. రేషన్ కార్డులో, ఆధార్‌లో మన తెలుగు ఇంటిపేరు తలో రకంగా పడితే ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఆ రోజులు కలపకుండా దేశాలను పోల్చకండి. ముందు పేటలోనే, షిఫ్టు దిగే వేళకు, ఈసీజీ తీసే ఏర్పాటు చేయాలి.

– ఒక పాఠకుడు, భవాని పేట్, షోలాపూర్