ఆ బుసను తీసేసే హక్కు మీకెవరిచ్చారు?

కోపంలో కలం పట్టరాదని పెద్దల మాట. అందుకే మూడు వారాలు ఆగాను. కోపం చల్లారలేదు సరికదా, దానికి మరి నాలుగు కారణాలు దొరికాయి. ఇక రాయక తప్పదు. మిత్రులు మన్నించాలి.

సంగతి ఇది. మా బాబాయి తెనాలి–రేపల్లె రైలు లైనులో ఒక చిన్న ఊళ్ళో బడిపంతులు. పద్యనాటకమంటే ప్రాణం. ఎనభైల నడుమ ఎలాగో డబ్బు కూడబెట్టి ఒక టేప్‌రికార్డరు కొన్నాడు. చుట్టుపక్కల ఏ తిరునాళ్ళలో నాటకం ఉన్నా, సాయంత్రానికే సైకిలు వెనక ఆ పెట్టెను కట్టుకుని బయల్దేరేవాడు. వేదిక ముందు చాప పరచుకుని, పెట్టెను ఒళ్ళో పెట్టుకుని, తెల్లవారేదాకా కూర్చునేవాడు. అట్లా పట్టిన వాటిలో ఒకటి సత్యహరిశ్చంద్ర కాటిసీను. తొంభై నిమిషాల క్యాసెట్టు. దాని మీద ఎవరూ పొరపాటున సినిమా పాటలు ఎక్కించకుండా, వెనకవైపు ఉండే రెండు ప్లాస్టిక్ చెవులనూ విరిచేసి, ట్రంకుపెట్టెలో దాచాడు.

నిరుడు బాబాయి పోయాడు. క్యాసెట్టు నా చేతికి వచ్చింది. డిజిటల్ చేయించటానికి నగరంలో ఒక స్టూడియోకు ఇచ్చాను. పేరు అనవసరం. పది రోజుల తరువాత అక్కడి కుర్రవాడు పెన్‌డ్రైవు చేతిలో పెట్టి, ఎంతో మర్యాదగా, "మాష్టారూ, చెత్తంతా తీసేశాను. ఇప్పుడు నిన్న పాడినట్టు ఉంటుంది, వినండి" అన్నాడు.

విన్నాను. హరిశ్చంద్రుడు నీళ్ళలో మునిగి పద్యం పాడుతున్నాడు.

"క్యాసెట్టేది బాబూ?" అన్నాను.

"తెగిపోయింది మాష్టారూ. ఎట్లాగూ కాపీ చేశాం కదా అని పారేశాం."

"శుభ్రం చేయక ముందు తీసిన ప్రతి?"

"అదెందుకండీ? తుడిచేశాం."

అంతే. నలభై యేళ్ళ నాటి ఒక రాత్రి అట్లా పోయింది.

*

ఇంతకీ ఆ "చెత్త" ఏమిటో చెబుతాను, చిన్నప్పటి నుంచీ విన్నవాణ్ణి గనుక. మొదట టేపు బుస. దాని కింద మైకుసెట్టు గుంయ్‌మనే రొద. దూరంగా జనరేటరు. కాలవ గట్టున కప్పలు. హార్మోనియం తిత్తుల ఊపిరి. పద్యానికీ పద్యానికీ మధ్య వందలమంది మాట్లాడకుండా కూర్చున్నప్పుడు వినిపించే ఒక బరువైన నిశ్శబ్దం. దాన్ని నిశ్శబ్దమనటం కూడా తప్పే; అదొక ధ్వని. మధ్యలో ఎవరి చంకలోనో బిడ్డ ఏడుపు. చంద్రమతి లోహితాస్యుడి శవంతో వచ్చే ఘట్టంలో ఆ ఏడుపు నాటకంలోదో పక్కవారిదో తెలిసేది కాదు.

ఇంకొకటి ఉంది. క్యాసెట్టు ఏళ్ళ తరబడి కదలకుండా ఉంటే, గట్టిగా పలికిన చోట ఉన్న అయస్కాంత ముద్ర పక్క చుట్ట మీదకు కొద్దిగా అంటుకుంటుంది. దానివల్ల పద్యం ఎత్తుకోవటానికి ఒకటి రెండు సెకన్ల ముందే, ఆ పద్యం తాలూకు నీడ సన్నగా వినిపిస్తుంది. సాంకేతికంగా అది లోపం. కాటిసీనులో మాత్రం, మనిషి కంటే ముందు అతని ప్రేతం పలికినట్టుండేది. మా బాబాయి ప్రతిసారీ ఆ చోట వేలు పైకెత్తి "విను" అనేవాడు.

ఈ శుద్ధి యంత్రం పనిచేసే తీరు తెలిస్తే నా కోపానికి అర్థం తెలుస్తుంది. రికార్డింగులో ఎవరూ మాట్లాడని ఒక ముక్కను దానికి చూపిస్తారు. అందులో ఏయే స్థాయిల్లో ధ్వని ఉందో అది లెక్క కడుతుంది. ఆ లెక్కను మొత్తం రికార్డింగు నుంచి తీసివేస్తుంది. అంటే దాని దృష్టిలో మారకుండా నిలిచి ఉండేదల్లా మురికి, మారేదే మనిషి. ఇక మన సంగీతంలో మారకుండా నిలిచి ఉండేది ఏమిటండీ? శ్రుతి! హార్మోనియం పట్టుకుని ఉంచిన ఆధారస్వరాన్ని యంత్రం రొద కింద జమకట్టి కోసేసింది. నిలబడటానికి నేల లేక హరిశ్చంద్రుడు నీళ్ళలో తేలాడు.

*

ఇప్పుడు నా రెండో ప్రత్యర్థుల దగ్గరకు వస్తాను. వీరు నా మిత్రులే. రాత్రిళ్ళు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని "డార్క్ యాంబియెంట్" వింటారు. నేనూ వింటాను, ఆ మాట దాచను. డెబ్భైల చివర, ఎనభైల మొదట, పంక్ చల్లారిన బ్రిటన్‌లో పుట్టిన వంశం అది. ఉక్కు నగరం షెఫీల్డులో కేబరే వాల్టేర్ టేపు ముక్కలతో పాటలు అతికింది. త్రాబింగ్ గ్రిజిల్ 1976లో ఇండస్ట్రియల్ రికార్డ్స్ అని సొంత ముద్ర పెట్టుకుని, ఆ పైన తన ప్రదర్శనలనే క్యాసెట్లుగా అమ్మింది. బ్రయన్ ఈనో 1978లో తన సంగీతానికి "యాంబియెంట్" అని పేరు పెట్టాడు. చుట్టూ ఉండే గాలిలాంటి సంగీతమని భావం. వేల్స్ దేశస్థుడు లస్ట్‌మార్డ్ ఆ గాలిలోకి చీకటి నింపాడు. అతని "హెరెసీ" 1990లో వచ్చింది. సమాధి గదుల్లో, గుహల్లో, గనుల్లో పట్టిన మోతలే అందులో సరుకు. స్వీడన్‌లో 1987లో మొదలైన కోల్డ్ మీట్ ఇండస్ట్రీ ఈ ధోరణికి పెద్ద ఇల్లయింది.

వీటికి కంపెనీలు లేవు, రేడియోలు లేవు. ఖాళీ క్యాసెట్టు, పోస్టు కవరు, ఒక చిరునామా ఉంటే చాలు. బుస తీసేయాలని వారిలో ఎవరికీ తోచలేదు. చాలామంది ఆ బుస మీదనే ఇల్లు కట్టారు. కేబరే వాల్టేర్‌లో టేపులతో ఆడుకున్న క్రిస్ వాట్సన్ 1981లో ఆ జట్టును విడిచి, తరువాత పురుగుల చప్పుళ్ళు, గాలి మోతలు పట్టే శబ్దగ్రాహకుడిగా ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు. మా స్టూడియో కుర్రవాడు "చెత్త" అన్నది ఆయనకు జీవితకాలపు వృత్తి.

ఇదంతా నా మిత్రులకు తెలుసు. నాకంటే బాగా తెలుసు. మరి కాటిసీను క్యాసెట్టు తెచ్చి పెడితే "అబ్బే, పాత నాటకాలు, చెవులు చిల్లులు పడతాయి" అంటారేం? పడమటివాడు శ్మశానంలో పట్టిన మోత కళ, మనవాడు శ్మశానం సీను పట్టిన మోత చెత్తానా? సమాధి గది ప్రతిధ్వనికి చేతులెత్తి మొక్కే చెవికి, కృష్ణ కాలవ పక్క రాత్రి మూడు గంటల గాలి వినిపించదా?

రెండూ ఒకటేనని నేననటం లేదు. ఒకదానిలో మాట లేదు, రాగం లేదు. రెండోదానిలో ఉన్నదే మాటా రాగమూ. పోలిక సంగీతాల మధ్య కాదు, వినే తీరుల మధ్య. చీకట్లో కదలకుండా, తొందర లేకుండా, ఒకే స్వరం కింద గంటసేపు కూర్చోగలగటం ఒక విద్య. ఆ విద్య మన రైతుకూలీలకు, రిక్షావాళ్ళకు, బడిపంతుళ్ళకు ఉండేది.

క్యాసెట్టు చేసిన మేలు కూడా ఇక్కడే ఉంది. అంతకు ముందు గ్రామఫోను రికార్డు ఒక వైపు మూడు నాలుగు నిమిషాలు. నటుడు రాగం తుంచుకుని, పద్యాన్ని పరుగెత్తించవలసి వచ్చేది. క్యాసెట్టు ఒక్కో వైపు నలభై అయిదు నిమిషాలిచ్చింది. సీను సీనంతా, వన్స్‌మోర్లతో సహా, పట్టే పాత్ర మొదటిసారి సామాన్యుడి చేతికి వచ్చింది. డి.వి. సుబ్బారావు కాటిసీను టీకొట్ల దాకా చేరింది ఆ దారినే. పీటర్ మాన్యుయల్ 1993లో ఉత్తర భారత క్యాసెట్ల మీద ఒక పుస్తకమే రాశాడు. కృష్ణా డెల్టా క్యాసెట్లకు ఆ లెక్క ఎవరు రాస్తారు, మనం పారేస్తూ పోతే?

ఈ ప్రాంతానికి కాటిసీను అరువు సరుకు కూడా కాదు. బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు తొలిసారి స్త్రీపాత్ర కట్టింది 1920లో, ఆ ఊళ్ళోనే, చంద్రమతి వేషధారి రాకపోవటం వల్ల. ఆ తరువాత తెనాలి రామవిలాస సభ ఆయనకు ఇల్లయింది. 1956లో పద్మశ్రీ వచ్చింది. ఇన్ని తరాల రాత్రులున్న నేల ఇది.

*

"మాకు అట్లాంటి చీకటి సంగీతం ఎక్కడిది?" అనే వారికి ఒక్క ప్రశ్న. తెల్లవారుజామున ఎక్కడో రెండు వీధుల అవతల మైకులో ఘంటసాల భగవద్గీత మొదలైతే మీరేమనుకుంటారు? "ఎవరో పోయారు" అనుకుంటారు. 1974లో కన్నుమూసిన ఘంటసాల చివరి రోజుల్లో పాడిన గీత అది. గీత ఉద్దేశం వేరు, అందులో చావు కబురు లేదు. అయినా సాగిన టేపు, బొంగురు మైకు, మంచులో తేలివచ్చే దూరం కలిసి దానికి ఆ అర్థం పెట్టాయి. రేపల్లెలో కాని, బాపట్లలో కాని, ఆ ధ్వని విని గుండె ఒక్క క్షణం ఆగని వాడు లేడు. అదే గీతను శుభ్రం చేసిన ప్రతిలో ఇంట్లో వినండి. భక్తి మిగులుతుంది. చావు పోతుంది.

*

మూడో మాట కొంచెం చేదుగా ఉంటుంది.

చీకటిని అలంకారంగా తొడుక్కునే ప్రమాదం పడమటివారికీ ఉంది, మనకూ ఉంది. త్రాబింగ్ గ్రిజిల్ తన కంపెనీ ముద్రగా వాడుకున్న ఛాయాచిత్రం ఆష్విట్జ్ దహనశాలది. ఇతరుల చావును గోడకు తగిలించుకోవటమది. ఎన్ని వ్యాఖ్యానాలు చెప్పినా నాకు మింగుడు పడదు.

మన కాటిసీను సంగతి? బలిజేపల్లి నాటకంలోని ఆ ఘట్టంలో నటులు గుర్రం జాషువా శ్మశానవాటి పద్యాలు కలిపి పాడతారు. కాటిలో అందరూ సమానమనే ఆ పద్యాలకు మా ఊళ్ళలో పెద్ద రైతులు కూడా వన్స్‌మోర్ కొట్టేవారు. రాజు వీరబాహుడి కింద కాటికాపరిగా నిలబడితే కన్నీళ్ళు పెట్టేవారు. నాటకం అయిపోయాక, కులానికొక శ్మశానం ఉన్న ఊళ్ళకు నడిచిపోయేవారు. తెనాలి నుంచి బాపట్ల వెళ్ళే రైలు దారిలోనే చుండూరు ఉంది. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిదిమంది దళితులను వెంటాడి చంపారు. శవాలను కాలవలో పడేశారు. బతికినవారు తమవారిని ఊరి నడుమనే పాతిపెట్టి, ఆ చోటుకు రక్తక్షేత్రమని పేరు పెట్టుకున్నారు. 2007లో ప్రత్యేక న్యాయస్థానం 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది.

ఇది ఇక్కడ ఎందుకు ఎత్తానంటే, బాబాయి క్యాసెట్టులో అదే పద్యం దగ్గర ఒక చోటు ఉండేది. ముందు వరుసల నుంచి వన్స్‌మోర్లు మోగుతాయి. అవి ఆగాక, బాగా వెనక నుంచి, పందిరి దాటిన చోటు నుంచి, ఒక గొంతు ఏదో అంటుంది. ఒక్క మాట. ఏమన్నాడో మాకు ఎన్నడూ తెలియలేదు. ఏ వరుసలో ఎవరు కూర్చునేవారో తెలిసిన బాబాయి, ఆ మాటను తెలుసుకోవాలని టేపును వెనక్కి తిప్పి తిప్పి వినేవాడు. శుభ్రం చేసిన ప్రతిలో ముందు వరుసల చప్పట్లున్నాయి. ఆ గొంతు లేదు. అది బుస కింద, కప్పల కింద ఉండేది. వాటితోపాటే పోయింది.

రొద తీసేయటం కేవలం సాంకేతిక విషయమని ఇక నాతో ఎవరూ అనవద్దు. మైకుకు దగ్గరగా ఉన్నవాడు ధ్వని, దూరంగా ఉన్నవాడు రొద. ఎవరు దగ్గర కూర్చున్నారు, ఎవరిని దూరంగా కూర్చోబెట్టారు అనేది యంత్రం నిర్ణయించింది కాదు.

*

"లోపాన్ని లోపమనక పూజిస్తారా?" అని ఒకరు తప్పక అడుగుతారు. పూజించను. పద్యం మాట తెలియనంత బొంగురుగా ఉంటే శుభ్రం చేసుకోండి, పిల్లలకు వినిపించండి. నేను అడిగేది ఒక్కటే. మొదటి ప్రతి ముట్టుకోని ప్రతి కావాలి. బుస, గుంయ్, దగ్గు, కుక్క, కప్ప, అన్నీ ఉన్నవి ఉన్నట్టు. శుభ్రం చేసినది రెండో ప్రతి. పాత శాసనం మీద అక్షరం తెలియటం లేదని కొత్త ఉలితో చెక్కేవాణ్ణి ఏమంటాం? భట్టిప్రోలు రాళ్ళ పక్కన పుట్టిన మనకు ఆ మాత్రం తెలియాలి.

కాబట్టి మీ ఇంటి అటక మీద క్యాసెట్లుంటే దించండి. పక్కింటివారు పారేస్తుంటే అడిగి తెచ్చుకోండి. ఎవరికైనా ఇచ్చేటప్పుడు కాగితం మీద రాసి ఇవ్వండి: క్యాసెట్టు తిరిగి కావాలి, ముడిప్రతి తుడవరాదు అని. నేను రాసివ్వలేదు. నా తప్పు అదే, ఒప్పుకుంటున్నాను. ఆ కుర్రవాణ్ణి తిట్టలేకపోయాను కూడా. వాడికి ఆ పని నేర్పినవారు ఏది చెత్తో నేర్పారు, ఏది కాదో నేర్పలేదు.

బాబాయి వేలెత్తి "విను" అనే చోటు ఇప్పుడు కూడా వస్తుంది ఆ పెన్‌డ్రైవులో. పద్యం ఠపీమని, నీడ లేకుండా, మొదలవుతుంది.