రాత్రి కాపలాకు బ్యాటరీ కెమెరా: ట్రాన్స్‌ఫార్మర్ వారీగా కలిసి కొందాం

పల్నాడు మిరప రైతులకు, బోర్ల కింద సాగు చేస్తున్న అందరికీ విన్నపం.



తెల్లారి మోటారు వేద్దామని చేలోకి వెళ్తే ట్రాన్స్‌ఫార్మర్ నేల మీద పడి ఉంటుంది. మూత ఊడదీసి ఉంటుంది. పింగాణీ బుడ్లు పగిలి, చుట్టూ నేల ఆయిల్ పీల్చుకుని నల్లగా ఉంటుంది. లోపలి ఇనుప రేకులు వాళ్లకు అక్కర్లేదు కాబట్టి వదిలేస్తారు. రాగి చుట్టలు మాత్రం ఉండవు. అవి అమ్ముకుంటే దొంగకు దక్కేది వేలల్లోనే. ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న నాలుగైదు మోటార్లు ఆగిపోతే మనకు పోయేది పైరు. ఫిర్యాదు రాయించి, లైన్‌మన్ వచ్చి చూసి, కొత్త ట్రాన్స్‌ఫార్మర్ దిగేలోపు పూత మీదున్న మిరప ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

దొంగతనాలు రాత్రే ఎందుకు జరుగుతాయి? చీకటి ఒక్కటే కారణం కాదు. వ్యవసాయ ఫీడర్‌కు త్రీఫేజ్ కరెంటు పగటిపూట 9 గంటలు. రాత్రి లైనులో సప్లయ్ ఉండదని మనకెంత తెలుసో దొంగకూ అంతే తెలుసు. 11 కేవీ లైనులో కరెంటు పారుతుంటే దాని జోలికి వెళ్లడానికి ఎంతటివాడికైనా గుండె జారుతుంది. సప్లయ్ లేనప్పుడు స్పానరు, తాడు ఉంటే చాలు. ఊళ్లో బజారు స్తంభానికి కట్టే మామూలు సీసీ కెమెరా చేలో పనికిరానిదీ అందుకే. దొంగ వచ్చే వేళకు దానికి కరెంటు ఉండదు, ఇంటర్నెట్ వైరు పొలం దాకా రాదు. ఒకవేళ రికార్డయినా, తెల్లారాక చూసుకుని ఏం లాభం? దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు ఉంటుంది.

అందుకే మేం అడుగుతున్నది ఒక్కటే. ఒక్కో ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న రైతులు కలిసి, బ్యాటరీతో నడిచే, సిమ్ వేసుకునే కెమెరా ఒకటి కొనండి. చిన్న సోలార్ పలకతో కలిపి బజార్లో సుమారు ఐదారు వేల నుంచి దొరుకుతోంది. ఐదుగురు పంచుకుంటే తలా పన్నెండు వందలు, పైగా నెలనెలా సిమ్ రీఛార్జి. పోయిన సర్వీసు వైరు, స్టార్టరు పెట్టె మళ్లీ కొన్నవాళ్లను అడగండి, ఇది ఎక్కువో తక్కువో వాళ్లే చెబుతారు.

ఈ కెమెరా రాత్రంతా కళ్లు తెరుచుకుని ఉండే రకం కాదు. నిద్రపోతూ ఉంటుంది. ముప్పై అడుగుల లోపు మనిషి ఒంటి వేడి కదిలితే సెన్సర్ పసిగట్టి దాన్ని లేపుతుంది. అప్పుడు పది, ఇరవై సెకన్లు వీడియో తీసి మన ఫోన్‌కు కబురు పంపి మళ్లీ పడుకుంటుంది. అందుకే చిన్న బ్యాటరీతోనూ నెట్టుకొస్తుంది. మనం సరదాగా గంటసేపు లైవ్ చూస్తూ కూర్చుంటే మాత్రం బ్యాటరీ దిగిపోతుంది, డేటా ఒక జీబీ దాకా ఖర్చవుతుంది. సినిమా చూసినట్టు చూడొద్దని ఇంట్లో పిల్లలకు గట్టిగా చెప్పండి.

ఇంకో లాభం, నాలుగు స్క్రూలు విప్పితే చేతిలోకి వచ్చేస్తుంది. నాట్ల నుంచి కోతల దాకా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఉంచుదాం. జనవరి నుంచి ఏప్రిల్ దాకా కాయ కల్లంలో ఆరుతుంటుంది కదా, అప్పుడు కల్లానికి మారుద్దాం. తేజ కాయ టిక్కీలు కట్టి లారీ కోసం చూస్తున్న రాత్రి మనకెంత గుబులో, ఆ రాత్రి కోసమైనా ఇది ఉండాలి. కాయ యార్డుకో కోల్డ్ స్టోరేజీకో చేరాక తిరిగి మోటార్ల దగ్గరికి తెద్దాం. వేసవిలో మోటార్లు ఆగి ఉంటాయి, చేలవైపు ఎవరూ పోరు. దొంగకు అంతకన్నా మంచి అదును ఉండదు.

కొన్నంత మాత్రాన పనైపోదు. పెట్టడంలోనే ఉంది అసలు సంగతి.

కొనకముందే చేలోకి ఫోన్ పట్టుకెళ్లి, కెమెరా పెట్టబోయే చోట నిలబడి ఏ కంపెనీ సిగ్నల్ బాగుందో చూడండి. ఊళ్లో నాలుగు గీతలు వచ్చే సిమ్‌కు బోరు దగ్గర ఒకటే గీత రావచ్చు. 2025 ఏప్రిల్ నుంచి సీసీ కెమెరాలకు కేంద్రం భద్రతా పరీక్షలు తప్పనిసరి చేసింది కాబట్టి ఎస్‌టీక్యూసీ సర్టిఫికెట్ ఉందా అని షాపతన్ని అడగండి. పెట్టె మీద రాసిన బ్యాటరీ లెక్కలు నమ్మి ఊరుకోవద్దు. సోలార్ పలక తీసేసి మూడు రాత్రులు దొడ్లో నడిపి చూసి, ఆ తర్వాతే చేలో పెట్టండి. ముసురు పట్టినప్పుడు పలక మీద ఆశ పెట్టుకోలేం. బ్యాటరీ పావు వంతుకు దిగితే ఇంటికి తెచ్చి ఫోన్ ఛార్జర్‌తో ఎక్కించుకోవాలి.

ట్రాన్స్‌ఫార్మర్ స్తంభానికి గానీ దాని దిమ్మెకు గానీ కెమెరా కట్టొద్దు. సప్లయ్ లేదనుకుని ఎక్కినవాళ్ల ప్రాణాలు పోయిన సంగతులు మీకు కొత్త కాదు. పది, పదిహేను అడుగుల దూరంలో విడిగా ఇనుప గొట్టం పాతి, ఎనిమిది తొమ్మిది అడుగుల ఎత్తున బిగించండి. వేపకొమ్మకు కడితే గాలి వీచినప్పుడల్లా ఊగి దొంగ కబుర్లు చెబుతుంది. మనిషి కెమెరాకు ఎదురుగా నడిచొస్తే సెన్సర్ ఆలస్యంగా పట్టుకుంటుంది, అడ్డంగా దాటితే వెంటనే పట్టుకుంటుంది. కాబట్టి డొంక దారికి పక్కగా తిప్పి పెట్టండి. పలక దక్షిణానికి, కాస్త ఏటవాలుగా ఉండాలి. కెమెరా మాత్రం నీడలోనే ఉండాలి. రెంటచింతల ఎండల సంగతి పేపర్లో ఏటా చదువుతూనే ఉన్నాం. ఆ ఎండకు కాలిన డబ్బాలో లిథియం బ్యాటరీ ఎక్కువ కాలం బతకదు. వైరు పొడుగ్గా ఉండి పలకను విడిగా పెట్టుకునే రకం చూసి కొనండి.

మా లెక్కలో కెమెరాకు దొంగ కంటే పెద్ద శత్రువు సాలెపురుగు. అద్దం ముందే గూడు అల్లుతుంది. ఆ పోగు మీద రాత్రి చూపు కోసం వెలిగే దీపాల వెలుగు పడి బొమ్మంతా తెల్లగా వస్తుంది. కల్లం దగ్గరైతే దీనికి మిరప దుమ్ము తోడు. వారానికోసారి మెత్తటి గుడ్డతో అద్దాన్నీ పలకనూ తుడిచే వంతు ఒకరికి అప్పగించండి.

ఇక అక్కచెల్లెళ్లు అడుగుతున్న మాట. వాళ్ల భయం న్యాయమైనదే. కాయ కోతకు వచ్చే కూలీలు ఏ గట్టు చాటుకు వెళ్లాలన్నా కెమెరా ఉందేమోనని జంకే పరిస్థితి రాకూడదు. అందుకని మూడు కట్టుబాట్లు పెట్టుకుందాం. కెమెరా రాత్రి 8 నుంచి తెల్లవారుజాము 5 దాకానే పనిచేసేలా యాప్‌లో సమయం పెట్టాలి. బొమ్మలో ట్రాన్స్‌ఫార్మర్, మోటారు, కల్లం తప్ప పక్క చేను పడకూడదు. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ మొదటిరోజే మార్చి, కొత్తది ముగ్గురి దగ్గరే ఉంచాలి, ఆ ముగ్గురిలో ఒక ఆడమనిషి ఉండాలి. కూలీ ఎంతసేపు వంగింది, ఎంతసేపు కూర్చుందని లెక్కలు తీయడానికి దీన్ని వాడే ఆలోచన ఎవరికైనా ఉంటే, ఆ రైతు మా జట్టులో చేరక్కర్లేదు.

కబురు వస్తే? రాత్రి ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకునేవాళ్లు ఈ బాధ్యత తీసుకోవద్దు. ముగ్గురి ఫోన్లకూ మోగేలా పెట్టండి. అడవిపందో కుక్కో అయితే బొమ్మలో తెలిసిపోతుంది. మనుషులైతే ముందు 112కి ఫోన్ చెయ్యండి, ఆ తర్వాత పక్క చేల వాళ్లను లేపండి. ఒక్కరే చీకట్లో పరుగెత్తొద్దు. దొరికినవాణ్ని చెట్టుకు కట్టి కొట్టడం అంతకన్నా వద్దు, కేసు మనమీదికే తిరుగుతుంది. కరెంటు తీగలు, సామాన్లు దొంగిలిస్తే 2003 విద్యుత్ చట్టం 136వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలుశిక్ష ఉంది. ఆ శిక్ష పడాలంటే వీడియో చెల్లాలి. కత్తిరించకుండా, వాట్సాప్‌లో తిప్పకుండా, మెమరీ కార్డులో ఉన్నదాన్ని ఉన్నట్టే స్టేషన్‌లో ఇవ్వాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం దానికి ధ్రువపత్రం జతచేయాలి, రాయించుకునేటప్పుడు పోలీసులనే అడగండి. దొంగ కెమెరానే పీక్కుపోతే కార్డూ పోతుంది. అందుకే ఫోన్‌కు వచ్చిన క్లిప్పును వెంటనే దాచుకోండి. ట్రాన్స్‌ఫార్మర్ దెబ్బతింటే 1912కి చెప్పి ఫిర్యాదు నంబరు రాసుకోవాలి.

తాళం వేసి ఊరెళ్లేవాళ్లు ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్‌లో చెబితే ఆంధ్రప్రదేశ్ పోలీసులు వచ్చి ఇంట్లో కెమెరా పెట్టే ఏర్పాటు పట్టణాల్లో వచ్చింది. ఇంటికి చేసిన పని చేనుకు ఎందుకు చేయకూడదు? కల్లాల నాలుగు నెలలకైనా స్టేషన్‌కు కొన్ని కెమెరాలు ఇచ్చి, అడిగిన రైతులకు వంతులవారీగా పెట్టమని గ్రామసభలో తీర్మానం చేయించి పంపుదాం. అది వచ్చేదాకా చేతులు కట్టుకు కూర్చోలేం కాబట్టి మన కొనుగోలు ఆపొద్దు.

వచ్చే ఆదివారం రాత్రి 8 గంటలకు రామాలయం అరుగు దగ్గరికి రండి. మీ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఎన్ని మోటార్లున్నాయో, ఎవరెవరివో ఒక కాగితం మీద రాసుకురండి. వచ్చేముందు ఓసారి చేలోకి వెళ్లి ఏ సిమ్‌కు ఎన్ని గీతలు వస్తున్నాయో చూసి అదీ రాయండి. డబ్బు ఆ రోజు తేవద్దు, పేర్లు రాసుకున్నాక షాపులో ధర మాట్లాడి అప్పుడు అడుగుతాం.

ఇట్లు,
ఊరి రైతులం కొందరం