జేబులో పట్టని బండి

పదో తరగతి చదువుతున్న మావాడు మొన్నొక సాయంకాలం ఫోను తెచ్చి నా ముక్కు కింద పెట్టి, "నాన్నా, పాకెట్ బైకు చూడు!" అన్నాడు. మోకాలెత్తు మోటారు సైకిలు, దానిమీద ముడుచుకుని కూర్చున్న ఓ భారీ మనిషి. జేబులో పట్టనిదానికి ఆ పేరెందుకు పెట్టారా అని నేను తెలుగు పంతులు ధోరణిలో పడ్డాను. ఈలోగా మా ఆవిడ అందుకుంది: "ఆ ఆటబొమ్మ సంగతి అలా ఉంచండి. చిన్న బ్యాటరీ స్కూటర్లు వస్తున్నాయిగా, కనుక్కోండి. మీ జీతంలో సగం పెట్రోలు బంకుకే పోతున్నది."

సగమనడం అతిశయోక్తి అలంకారం. అయినా లెక్క వేశాను. నందిపేట్ నుంచి ఆర్మూరు వెళ్ళి రావడమంటే ముప్పై కిలోమీటర్లకు తక్కువ కాదు. నా పాత స్కూటరు ఆ మాత్రానికే డెబ్భై రూపాయల పెట్రోలు తాగుతుంది. చిన్న బ్యాటరీ బండికి అటూ ఇటూగా ఒక యూనిట్ కరెంటు చాలు.

ఇంకో సదుపాయం కూడా ఉన్నదండోయ్. మోటారు 250 వాట్లకూ, వేగం గంటకు 25 కిలోమీటర్లకూ లోబడి, బ్యాటరీ కాక బరువు 60 కిలోలు మించకుండా, పరీక్షా సంస్థ ఆమోదం పొందిన బండిని చట్టం మోటారు వాహనంగానే లెక్కించదు. నంబరు అక్కర్లేదు, లైసెన్సు అక్కర్లేదు. ఇది విని మావాడి ముఖం చాటంత అయింది.

కాని పసుపు కాలంలో నిజామాబాదు యార్డుకు బస్తాలతో ఉరికే లారీల మధ్య ఇరవై అయిదు వేగంతో పోవడం నావల్ల కాదు. ఊళ్ళో పిండిమరకూ, కూరగాయలకూ అయితే దివ్యంగా ఉంటుంది. ఈ మాటే దుకాణదారుతో అంటే నవ్వాడు. "ఫికరు చేయకుండ్రి సార్, ఒక్క వైరు పీకితే నలభై అయిదు పోతది."

వైరుతోపాటు చట్టమిచ్చిన మినహాయింపూ ఊడిపోతుందని అతనికి తెలియదనుకోను. పరీక్ష పాసైన కాగితం చూపించమన్నాను. చాయ్ తెప్పించాడు. చాయ్ తాగి వచ్చేశాను.

అసలు చిక్కు ఇంట్లో ఉన్నది. మాకు వీలైన ప్లగ్గు ముందుగదిలో, సరిగ్గా మా అమ్మ మంచం తలాపున ఉంది. రాత్రి చార్జింగు అక్కడే పెట్టవచ్చని నేను అన్నాను కూడా. అమ్మ వెంటనే ఏమీ అనలేదు. కాసేపాగి, "నిజామాబాదుల గా ముసలాయన గట్లనే పాయె గదరా" అన్నది.

2022 ఏప్రిల్‌లో మా జిల్లా కేంద్రంలో జరిగిన సంగతి అది. రాత్రి ఇంట్లో చార్జింగు పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి, నిద్రలో ఉన్న ఎనభై ఏళ్ళ వృద్ధుడు చనిపోయాడు. లిథియం బ్యాటరీలో ఒక గడి అదుపు తప్పి వేడెక్కితే పక్క గడులకూ అంటుకుంటుంది. ఆ ఏడాదే ప్రభుత్వం బ్యాటరీల పరీక్షలు కఠినం చేసి, 2022 డిసెంబరు నుంచీ, 2023 మార్చి ఆఖరు నుంచీ రెండు దఫాలుగా అమలుపెట్టింది. ఇదంతా పేపర్లో చదివినవాణ్ణే. ఆ ప్లగ్గు చూపించేటప్పుడు మాత్రం గుర్తు రాలేదు!

మర్నాడే ఎలక్ట్రీషియన్ను పిలిచి, ఇంటి వెలుపల, గేటు పక్క గోడకు ఎర్తింగుతో సహా వేరే ప్లగ్గు పెట్టించాను. పగటిపూట, మనుషులు మెలకువగా ఉన్నప్పుడే చార్జింగు అని ఒప్పందం. కాగితం చూపించే దుకాణం ఇంకా దొరకలేదు, బండి ఇంకా రాలేదు. అమ్మ మాత్రం ఆ ప్లగ్గు వానకు తడుస్తుందని, పైన రేకు వేయించమని రోజూ నా ప్రాణం తీస్తున్నది.