మాఫీ కాగితానికి డబ్బు కట్టొద్దు

నంద్యాల, ఆళ్లగడ్డ చుట్టుపక్కల గూడేల తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! "సర్వీసు చార్జీ కట్టండి, మీ అప్పు మాఫీ చేయిస్తాం" అని ఎవరొచ్చినా ఒక్క రూపాయి ఇయ్యొద్దు. ఇట్లా డబ్బు గుంజి 'రుణమాఫీ సర్టిఫికెట్లు' చేతిలో పెట్టేవాళ్ల గురించి రిజర్వు బ్యాంకే 2023 డిసెంబరు 11న హెచ్చరించింది. ఆ కాగితం ఏ బ్యాంకులోనూ చెల్లదు. దాన్ని నమ్మి కంతులు ఆపేస్తే వడ్డీ పెరిగేది మనకే, వానికి కాదు.

మరి ఎవరి దగ్గరికి పోవాల? ముందు అప్పిచ్చిన బ్యాంకుకే పోండి. గడువు పెంచమని, కంతు తగ్గించమని రాసిచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. కుదరకపోతే కోర్టు దగ్గరుండే న్యాయసేవా సంస్థ ఉంది. 1987 చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసాయం హక్కు. ఫోన్ 15100. కులం సర్టిఫికెట్ స్కాలర్‌షిప్‌కే అనుకుంటాం గానీ, ఇక్కడా అదే పనికొస్తుంది. లోక్ అదాలత్‌లో రాజీ చేసుకుంటే కోర్టు ఫీజు కూడా ఉండదు.

మైక్రోఫైనాన్స్ వాళ్లు రాత్రిపూట ఫోన్ చేసి అమ్మను బెదిరిస్తున్నారా? 2022 రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం వసూలు కోసం ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్ చేయకూడదు. ఆ టైము రాసిపెట్టుకోండి, ఫిర్యాదుకు కావాల. ఇప్పటికే ఆన్‌లైన్‌లో డబ్బు పంపేసుంటే సిగ్గుపడి దాచొద్దు, వెంటనే 1930కి చేయండి. ఆలస్యమైతే ఆ డబ్బు ఖాతాలు దాటిపోతుంది.