బాలూ, స్వప్నా చావలేదు!

‘మరోచరిత్ర’ సినిమా చివర్లో ఏమవుతుందో మీకు వేరే చెప్పాలా? 1978లో బాలచందర్‌గారు తీసిన ఆ సినిమా చూసి కళ్ళొత్తుకోని వాళ్ళెవరు గనక! కమలహాసన్ బాలూ, సరిత స్వప్నా ఇద్దరూ ప్రాణాలొదిలేస్తారు. హాల్లో లైట్లు వెలిగేసరికి ఆడవాళ్ళ కొంగులన్నీ తడిసిపోయి ఉండేవట.

కానీ రెంటచింతలలో మాత్రం వాళ్ళు చావలేదండీ! విశాఖపట్నంలోనే కాపురం పెట్టారు. ఇద్దరు పిల్లలు. బాలూ తెలుగు ఇంకా పూర్తిగా కుదరలేదుగానీ, స్వప్న మాత్రం అరవ అత్తగారికి గోంగూర పచ్చడి అలవాటు చేసేసింది.

ఈ కథ రాసింది గణేష్ పాత్రోగారు కాదు. మా పెద్దమ్మ!

కిందటి మే నెలలో పెద్దమ్మను చూసొద్దామని రెంటచింతల వెళ్ళాను. వేసవి వార్తల్లో ఎండల లెక్క చదివేటప్పుడు మీరు ఆ ఊరి పేరు ఏటా వింటూనే ఉంటారు. మధ్యాహ్నం గడప దాటి బయట కాలు పెట్టేందుకు లేదు. తోచక పాత ట్రంకుపెట్టె తెరిస్తే, కలరా ఉండల వాసన మధ్య మూడు లాంగు నోటుబుక్కులు కనబడ్డాయి. చిట్టాపద్దులేమో అనుకున్నాను. తీరా చూస్తే నీలం సిరాతో గుండ్రటి అక్షరాలు, అట్టమీద పూలతీగె బొమ్మ.

పెద్దమ్మకి అప్పుడు పదిహేడేళ్ళు. రైలెక్కి మాచర్ల వెళ్ళి ‘మరోచరిత్ర’ చూసొచ్చి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదట. మూడోరోజు కలం పట్టుకుంది. కథంతా అలాగే ఉంచి, ఒక్కటే మార్చింది. బాలూని ఒక బస్సు ముందు ఎక్కించింది. అంతే! అతను వేళకి చేరాడు, స్వప్న బతికింది, మిగతా నూట ఎనభై పేజీలూ కాపురమే.

ఆ వీధిలో అలా రాసేవాళ్ళు, చదివేవాళ్ళు మొత్తం ఆరుగురు ఆడపిల్లలు. ఒకామె టైలరింగు నేర్చుకునేది, ఇంకొకామె టీచరు ట్రైనింగుకి చదివేది. పుస్తకం చేతులు మారడానికి నియమాలుండేవి. మూడు రోజుల్లో తిరిగివ్వాలి. పేజీ మడవకూడదు. మగవాళ్ళ కంటబడకూడదు. చదివాక చివరి పేజీల్లో అభిప్రాయం రాయాలి, కానీ పేరు రాయకూడదు. ఆ పేజీలు కూడా చూశాను. “ఈ స్వప్న మరీ మెత్తన. అత్తగార్ని ఒక్కమాటైనా అననీయవేం?” అని ఒకరు. “రెండో బిడ్డ ఆడపిల్ల అయితే బాగుండు” అని మరొకరు. రెండో బిడ్డ దగ్గర ‘బాబు’ అన్న మాట కొట్టేసి ‘పాప’ అని దిద్ది ఉంది. పాఠకుల కోరిక మన్నించిన రచయిత్రి అన్నమాట!

ఈ సరదా ఒక్క రెంటచింతలదే కాదు. ఇంగ్లీషువాళ్ళు దీనికి ‘ఫ్యాన్ ఫిక్షన్’ అని పేరు పెట్టుకున్నారు. సినిమాలోనో సీరియల్లోనో ఉన్న పాత్రల్ని తీసుకుని అభిమానులు సొంతంగా అల్లుకునే కథలు. అమెరికాలో 1966 నుంచి 1969 దాకా టీవీలో ‘స్టార్ ట్రెక్’ అని ఒక సీరియల్ వచ్చింది. అంతరిక్ష నౌక, కెప్టెన్ కిర్క్, కోసు చెవుల స్పాక్... ఆ స్పాక్ మీద మోజుతో అభిమానులు 1967లోనే న్యూయార్కులో ‘స్పాకనేలియా’ అని సొంత పత్రిక వేశారు. రాసేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. స్టెన్సిల్ కోసి, సైక్లోస్టైలు తీసి, పిన్నులు కొట్టి పోస్టులో పంపేవారు. ‘మ్యాగజైన్’ అన్న మాట తోక పట్టుకుని వీటిని ‘జీన్’లు అన్నారు. పాత్రలు పరాయివాళ్ళవి గనక లాభం మాట లేదు. కాగితం ఖర్చూ, పోస్టేజీ వస్తే చాలు. కథ పంపితే అచ్చులో చూసుకోవడానికి నెలలు పట్టేది, పాఠకుల ఉత్తరం రావడానికి ఇంకొన్ని నెలలు.

మా పెద్దమ్మకి సైక్లోస్టైలు మిషను లేదు. ఉన్నదొక్క ప్రతే. తేడా అంతే!

అన్నట్టు, దొరికిన కథను దొరికినట్టే ఊరుకోవడం మన రక్తంలో ఎప్పుడుంది గనక? వ్యాస భారతంలో శశిరేఖ లేదు. అయినా 1957లో ‘మాయాబజార్’ చూసినవాళ్ళు ఆమె లేదంటే ఒప్పుకుంటారా? మా పల్నాటి కథే తీసుకోండి. కారంపూడి వీరుల తిరునాళ్ళలో వీరవిద్యావంతులు పాడే కథ వేరు, 1947లోనూ 1966లోనూ వచ్చిన ‘పల్నాటి యుద్ధం’ సినిమాలు వేరు. నాయకురాలు నాగమ్మను తిట్టేవాళ్ళున్నారు, వెనకేసుకొచ్చేవాళ్ళూ ఉన్నారు. ఎవరి నాగమ్మ వాళ్ళదే.

ఇక ఈ కాలానికొద్దాం. 1990లలో ఇంటర్నెట్టు వచ్చాక అభిమానుల కథలు కాగితం వదిలి తెరకెక్కాయి. వెండితెర కాదండోయ్, కంప్యూటరు తెర! మొదట యూజ్‌నెట్ చర్చావేదికలు, ఆ తర్వాత 1998లో ‘ఫ్యాన్‌ఫిక్షన్ డాట్ నెట్’. పోస్టేజీ లేదు, పిన్నులు లేవు. రాత్రి పంపితే తెల్లారేసరికి అభిప్రాయాలు. అమెరికాలోని తెలుగువాళ్ళు కూడా ఆ రోజుల్లోనే ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకుంటూ వాదులాడుకున్నారు. 1998లోనే ‘ఈమాట’ పత్రిక ఇంటర్నెట్టులో మొదలైంది. 2006లో ‘లేఖిని’ వచ్చాక మామూలు కీబోర్డు మీదే తెలుగు అక్షరం పలికింది. 2014లో బెంగుళూరులో పుట్టిన ‘ప్రతిలిపి’ వల్ల ఇప్పుడు వంటింట్లో కుక్కరు కూత వేసేలోపు ఫోనులో ఒక భాగం రాసేసి పెట్టేవాళ్ళున్నారు.

సినిమావాళ్ళకూ దీని సెగ తగిలింది. ‘ట్విలైట్’ అభిమాని ఒకావిడ ఇంటర్నెట్టులో రాసుకున్న కథే పేర్లు మార్చుకుని 2011లో ‘ఫిఫ్టీ షేడ్స్ ఆఫ్ గ్రే’ నవల అయింది, 2015లో సినిమా అయింది. మన సంగతి చూడండి. 2015లో ‘బాహుబలి’ మొదటి భాగం వచ్చింది మొదలు 2017లో రెండోది వచ్చేదాకా, కట్టప్ప ఎందుకు చంపాడో చెప్పని టీ కొట్టు ఆంధ్రదేశంలో ఉందా? తలా ఒక కథ! 2022లో ‘ఆర్ఆర్ఆర్’ వచ్చింది. అల్లూరి సీతారామరాజూ, కొమురం భీమ్ కలుసుకుని ఉంటే ఎలా ఉండేదన్న ఊహ మీదే రాజమౌళి ఆ సినిమా నడిపారు. ఆ ఊహ మీద మళ్ళీ ఊహలు అల్లుతూ దేశదేశాల అభిమానులు ‘ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్’ అనే సైటులో వందల కథలు రాసిపారేశారు. చాలాభాగం ఇంగ్లీషులోనే. పేర్లు మాత్రం రామ్, భీమ్!

ఇంత వైభోగం చూసి పెద్దమ్మ నోటుబుక్కుల కాలం వెనకబాటు అనుకుంటున్నారా? నేనూ అలాగే అనుకున్నాను, ఆ సాయంత్రం దాకా.

పెద్దమ్మ మనవరాలు నరసరావుపేటలో డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. సెలవులకి వచ్చి ఉంది. నా చేతిలో నోటుబుక్కు చూసి పక్కన కూర్చుని, మెల్లిగా అంది.

“మావయ్యా, నేను గూడా రాశా. ఇంట్లో చెప్పబాకు.”

‘బాహుబలి’లో దేవసేన ఇరవై అయిదేళ్ళు సంకెళ్ళతో ఉంది కదా. సినిమాలో మనం చూసేది చివరి రోజులే. మిగతా ఏళ్ళు ఆవిడ ఏమాలోచించింది? పుల్లలు ఏరుకుంటూ ఎవరితో మాట్లాడింది? ఆ పిల్ల ముప్ఫై ఎనిమిది భాగాలు రాసింది. మారుపేరుతో ఫోనులో పెడితే ముక్కూమొహం తెలియని వందలమంది చదివారు.

“ఏదీ, చూపించు” అన్నాను.

“లేదు మావయ్యా. ఫోను పగిలింది. నెంబరు మారింది. పాస్‌వర్డు గుర్తులేదు. మళ్ళీ తెరుద్దామంటే ఆ ఖాతానే కనపడలా. ఎవరికి చెప్పుకోవాలో తెలీలా.” ఆ పిల్ల కళ్ళు నిండాయి. ఇంకో కాపీ లేదు.

గుమ్మంలో నుంచి పెద్దమ్మ అంతా విన్నదని మాకు తెలీదు. వచ్చి మంచం మీద కూచుంది.

“ఏడవబాకే. నాదీ ఒకటి పోయింది” అంది.

నాలుగో నోటుబుక్కు సంగతి అప్పుడు బయటపడింది. ‘దేవదాసు’ మీద రాసిందట. పార్వతి వేళకి తలుపు తీసుకుని బయటికొస్తుంది. 1981లో పెళ్ళిసంబంధం మాట్లాడుతున్న రోజుల్లో అది మా తాతగారి కంటబడింది. మారుమాట లేకుండా తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టారు. ఆ తర్వాత పెద్దమ్మ మళ్ళీ ఒక్క అక్షరం రాయలేదు. మిగతా మూడూ మిగిలింది కూడా ఆ వారం వేరే ఇళ్ళలో తిరుగుతుండబట్టే!

“నాది పొయ్యిలో పోయింది. నీది గాలిలో పోయింది. నాకైతే ఎవరు తగలబెట్టారో తెలుసు” అంది పెద్దమ్మ.

ఆ మాటకి నా దగ్గర జవాబు లేకపోయింది. నిజమే కదండీ. 2007లో ‘లైవ్‌జర్నల్’ అనే సైటు ఒక్క దెబ్బకి వందల ఖాతాలు తీసిపారేసింది. 2009 అక్టోబరులో ‘జియోసిటీస్’ మూతపడితే దాంట్లో అభిమానులు కట్టుకున్న పేజీలెన్నో కొట్టుకుపోయాయి. అద్దె కొంపలో పెట్టుకున్న సామాను లాంటిదే ఇది. అది గ్రహించే కొందరు అభిమానులు 2007లో సొంతంగా సంస్థ పెట్టుకున్నారు. 2009లో ఇందాక చెప్పిన ‘ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్’ తెరిచారు. ప్రకటనలు లేవు, చందాలతో నడుస్తుంది. 2019లో దానికి హ్యూగో అవార్డు కూడా వచ్చింది. ఇంతకీ ఆ పాత సైక్లోస్టైలు పత్రికలు ఏమయ్యాయంటారా? చాలావాటిని అమెరికాలో అయోవా యూనివర్సిటీ లైబ్రరీవాళ్ళు పెట్టెల్లో భద్రంగా దాచారు. ట్రంకుపెట్టె గెలిచింది!

అలాగని కాగితమే గొప్పదనను. ఒక్క ప్రతి ఉన్న కాగితాన్ని కాల్చడానికి ఒక్క అగ్గిపుల్ల చాలు. ఆరుగురు దాటి ఏడో మనిషికి అది చేరదు. ఫోను కథ వందలమందికి చేరుతుంది, కానీ తాళంచెవి మన దగ్గర ఉండదు. చెప్పొచ్చేదేమంటే, ఎక్కడ రాసినా రెండోచోట ఒక ప్రతి ఉంచుకోండి. ఇది నా సలహా కాదు, మా పెద్దమ్మ పొయ్యి చెప్పిన సలహా.

ఆ రాత్రి డాబా మీద చాపలు వేసుకున్నాం. అంత రాత్రయినా నేల ఇంకా కాలుతూనే ఉంది. మనవరాలు టార్చిలైటు వెలుగులో పేజీ పేజీ ఫోటో తీసింది. తర్వాత ‘మరోచరిత్ర’ కథని తెలుగులో టైపు చేయడం మొదలుపెట్టింది.

“పేరు ఏం పెట్టమంటావు అమ్మమ్మా?”

“పేరు పెట్టబాకు. అప్పుడూ పెట్టలా.”

మొదటి భాగం పెట్టారు. మర్నాడు పొద్దున బజారు నుంచి ఆ పిల్ల రెండు లాంగు నోటుబుక్కులు కొనుక్కొచ్చింది. గుర్తున్నంతవరకూ దేవసేన కథ మళ్ళీ రాస్తుందట, ఈసారి కలంతో.

మూడోరోజు నేను బయల్దేరబోతుంటే ఫోను మోగింది. ఎవరో పాఠకురాలు, ఏ ఊరో ఏ దేశమో తెలీదు, ఒక ప్రశ్న పంపింది. ‘మరి స్వప్న వాళ్ళమ్మ వీళ్ళింటికి వచ్చిందా, లేదా?’

మనవరాలు పైకి చదివింది. పెద్దమ్మ కాసేపు మాట్లాడలేదు. నలభై ఏళ్ళ పైచిలుకు తర్వాత ఆవిణ్ణి ఒకరు కథ అడిగారు. లేచి కళ్ళజోడు వెతుక్కుని, కొత్త నోటుబుక్కుల్లో ఒకటి తన వైపు లాక్కుంది.

“రాస్తానని చెప్పు. మూడు రోజులు టైమియ్యమను” అంది.